బరువెక్కువోడితో బరిలోకి దిగకపోతే పిరికోడేనా?

పెన్నా_పంచ్ (నెల్లూరు)

అన్నలూ, ఒక పంచాయితీ తీర్చండి. మొన్న ఆదివారం మా ఊళ్ళో కాలేజీ కుర్రాళ్ళ బాక్సింగ్ పోటీలు చూడ్డానికి పోయినా. 57 కిలోల విభాగంలో మా వీధి పిల్లోడికి ప్రత్యర్థి రాలేదు, జ్వరమంట. నిర్వాహకులేమో 63 కిలోలున్నవాడు ఒకడు ఖాళీగా ఉన్నాడు, వాడితో మూడు రౌండ్లు ఆడించేద్దాం, జనం ఊరికే కూర్చున్నారు గదా అన్నారు. పిల్లోడు గ్లౌజులు కట్టుకుని రెడీగానే ఉన్నాడు. కోచ్ మాత్రం ససేమిరా అన్నాడు. వాకోవర్ (ఆడకుండానే గెలుపు) ఇస్తే ఇవ్వండి, లేదంటే ఇంటికి పోతాం అన్నాడు.

వెనక బెంచీల నుంచి ఈలలు. "పిరికోడా, పోయి చీర కట్టుకో" అని కేకలు. పిల్లోడు గ్లౌజు తాడుని పళ్ళతో లాక్కుంటా తల దించుకుని దిగిపోయినాడు. ఆ ముడి రాలేదు, అట్నే గ్లౌజుతోనే బయటికి నడిచాడు.

నాకైతే కోచ్ చేసిందే కరెక్ట్ అనిపించింది. మా గ్యాంగులో సగం మంది ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఒంగోలు_గిత్త

నేనూ ఒప్పుకోను. ఆరు కిలోలకే ఇంత కథా? గ్లౌజులు కట్టుకున్నాక వెనక్కి తగ్గేదేంది? ఫిలిప్పీన్స్ బాక్సర్ పాకియావ్‌ని చూడండి. 1998లో 112 పౌండ్ల (పౌండంటే అరకిలో కంటే కాస్త తక్కువ) దగ్గర ప్రపంచ టైటిల్ కొట్టినవాడు 2010లో 154 పౌండ్ల టైటిల్ కొట్టాడు. మధ్యలో డి లా హోయా అంతటోడిని స్టూలు మీద నుంచి లేవనీకుండా చేశాడు. 2025 సెప్టెంబరులో క్రాఫర్డ్, 135 పౌండ్ల దగ్గర మొదటి టైటిల్ గెలిచిన మనిషి, 168 దగ్గర ఆ బరువు చాంపియన్ కనెలోని ఓడించాడు. వీళ్ళ కోచ్‌లు కూడా "వద్దులే నాయనా, ఇంటికి పోదాం" అనుంటే చరిత్రే లేదు. ఒళ్ళు కాదు సామీ, గుండె ఉండాలి.

కావలి_కౌంటర్

గిత్తన్న రింగు తాడు కూడా ముట్టుకోలేదు కానీ గుండె గురించి భలే చెప్తాడు 😂

సింగరాయకొండ_సౌత్‌పా

గిత్తన్నా, నువ్వు చెప్పిన మూడూ నేను రాత్రిళ్ళు మేలుకుని చూసినవే. ఒక్కోటి విప్పి చూద్దాం.

క్రాఫర్డ్ 135 నుంచి 154కి ఏళ్ళ తరబడి మెట్టు మెట్టుగా ఎక్కి, ఆ తర్వాతే 168కి వచ్చాడు. కనెలో మ్యాచ్‌కి ముందురోజు తూకంలో ఇద్దరూ సరిగ్గా 167.5 పౌండ్లు తూగారు. ఆ బరువుకి తగ్గట్టు ఒళ్ళు కట్టుకోవడానికి నెలలు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం ప్రత్యర్థి రాలేదని అప్పటికప్పుడు ఎక్కించలేదు.

2008లో డి లా హోయా మ్యాచ్ 147 దగ్గర పెట్టారు. డి లా హోయా ఏడేళ్ళుగా ఆ బరువుకి దిగలేదు. ఆరోజు రింగులోకి వచ్చింది ఎండు చేపలా పీక్కుపోయిన మనిషి. ఎనిమిదో రౌండ్ తర్వాత లేవలేదంటే పాకియావ్ గొప్పతనం ఉంది, కాదన్ను. కానీ చిన్నోడు పెద్దోడి దగ్గరికి ఎక్కిన దానికంటే పెద్దోడిని చిన్నోడి దగ్గరికి దించిందే ఎక్కువ.

ఇక 154 టైటిల్ అన్నావే, 2010 నవంబరులో మార్గరీటోతో. పేరుకి 154 గానీ ఒప్పందం 150కి. పాకియావ్ 144.6 తూగాడు, మార్గరీటో సరిగ్గా 150. మ్యాచ్ రాత్రికి 148, 165 అయ్యారు. పదిహేడు పౌండ్ల తేడా. ఇది మాత్రం నిజమైన సాహసం, ఒప్పుకుంటా. కానీ చివరికి ఆస్పత్రికి పోయింది పెద్దోడే, కంటి గూటి ఎముక విరిగి. చివరి రౌండ్లలో పాకియావ్ కొట్టడం తగ్గించి, ఆపమన్నట్టు రెఫరీ వైపు చూశాడు. రెఫరీ ఆపలేదు.

ఒంగోలు_గిత్త

అదే గదా నేను చెప్పేది! చిన్నోడు పెద్దోడిని కొట్టాడు. నువ్వే రాసి, నువ్వే కాదంటావేంది?

సింగరాయకొండ_సౌత్‌పా

గెలిచినోళ్ళ పేర్లే గుర్తుంటాయి కాబట్టి అట్టా అనిపిస్తది. 2016 మే నెలలో అమీర్ ఖాన్ (సినిమా హీరో కాదు, బ్రిటిష్ బాక్సర్) 147 నుంచి వచ్చి 155 పౌండ్ల ఒప్పందం మీద కనెలోతో దిగాడు. అయిదు రౌండ్లు బ్రహ్మాండంగా ఆడాడు, స్పీడు చూసి నేను కూడా ఆశ పెట్టుకున్నా. ఆరో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బ. పడకముందే స్పృహ పోయింది. కనెలోనే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు.

అదే ఏడాది సెప్టెంబరులో కెల్ బ్రూక్. 147 చాంపియన్, లండన్‌లో 160 పౌండ్ల గొలోవ్‌కిన్‌తో. అయిదో రౌండులో బ్రూక్ కోచ్ ఇక ఆపమని రింగులోకి తువ్వాలు విసిరాడు. కుడి కంటి గూడు విరిగింది. అప్పుడు ఇంగ్లాండ్ మొత్తం "ఏం గుండెరా" అని చప్పట్లు కొట్టింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. 2017 మేలో అదే బ్రూక్ తన సొంత బరువు 147కి దిగొచ్చి, సొంతూరు షెఫీల్డ్‌లో ఎరాల్ స్పెన్స్‌తో ఆడాడు. ఈసారి ఎడమ కంటి గూడు పోయింది. పదకొండో రౌండులో మోకాలు వేసి, రెఫరీ పది లెక్కపెట్టేదాకా లేవలేదు. అవే నోళ్ళు, "వదిలేశాడు, పారిపోయాడు" అన్నాయి. తొమ్మిది నెలల్లో మనిషి మారాడా? గాయం కూడా అలాంటిదే. మొదటిసారి ఆపింది కోచ్ కాబట్టి వీరుడు, రెండోసారి ఆపుకున్నది తానే కాబట్టి పిరికోడు. ఇదేం లెక్క?

కావలి_కౌంటర్

బ్రూక్ సంగతి నాకు తెలీదు. రెండు కళ్ళ గూళ్ళూ పోయినోడిని పిరికోడు అన్నారా? అన్నవాళ్ళ కంట్లో నలుసు పడితే ఎట్టా ఉంటదో చూడాలి.

గూడూరు_నిమ్మ

ముందుగా ఆ "చీర కట్టుకో" బ్యాచ్‌కి. చీరలు కట్టే ఇళ్ళ నుంచే నిఖత్ జరీన్ వచ్చింది. నిజామాబాద్ పిల్ల. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్, మరుసటేడు ఢిల్లీలో 50 కిలోల్లో. ఆ రెండు కిలోలు తగ్గడం సరదాకి కాదు. 52 ఒలింపిక్స్‌లో లేదు, అందుకు. పారిస్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడిపోయింది. తిండీ నీళ్ళూ సరిగ్గా లేకుండా బరువు తూగి రింగెక్కానని చెప్పుకుంది.

మీరంతా ప్రొఫెషనల్స్ గురించే మాట్లాడుతున్నారు, వాళ్ళు బరువు ఎంచుకుంటారు. మా అమ్మాయిలకి ఎంపికేది? మేరీ కోమ్ 48 కిలోల మనిషి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి అన్నిటికంటే తక్కువ విభాగమే 51. తనకంటే పెద్దవాళ్ళతో ఆడి కాంస్యం తెచ్చింది. లవ్లీనా టోక్యోలో 69 కిలోల్లో కాంస్యం తెచ్చింది. పారిస్‌కి వచ్చేసరికి 69 ఎత్తేసి, 66 తర్వాత ఒకేసారి 75 పెట్టారు. తొమ్మిది కిలోల గ్యాప్! లవ్లీనా 75కి పెరగాల్సి వచ్చింది. వీళ్ళది ధైర్యం కాదా అంటే ధైర్యమే. కానీ టేబుల్ దగ్గర కూర్చుని పట్టిక గీసినవాళ్ళకి వీళ్ళ ధైర్యం ఫ్రీగా దొరికింది.

ఒంగోలు_గిత్త

అక్కా, చీర మాట నేను అనలేదు. అది తప్పుడు మాటే. కానీ మేరీ కోమ్ 51లో ఆడింది గదా, "నాకు 48 పెట్టేదాకా ఆడను" అని కూర్చోలేదు గదా? నా పాయింటుకే బలం వచ్చింది.

గూడూరు_నిమ్మ

ఆమెకి అప్పటికే అయిదు ప్రపంచ టైటిళ్ళు ఉన్నాయి. ఈ పిల్లోడికి ఎన్ని ఉన్నాయి?

పీఈటీ_కందుకూరు

నేను స్కూలు పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైనవాణ్ణి. బాక్సింగ్ పోటీల్లో తూకం బల్ల దగ్గర చాలాసార్లు కూర్చున్నా. కాస్త వివరంగా రాస్తా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

57 కిలోల వాడికి ఆరు కిలోలంటే తన బరువులో పదో వంతుకు పైన. హెవీవెయిట్‌లో ఉసిక్, ఫ్యూరీ మధ్య 2024 డిసెంబరులో 55 పౌండ్ల తేడా ఉన్నా, ఉసిక్ 226, ఫ్యూరీ 281, ఉసిక్కే గెలిచాడు. అది చూసి కుర్రాళ్ళు బరువుదేముంది అంటారు. కానీ అక్కడ ఇద్దరూ నిండా పెరిగిన మనుషులు, ఒక్కొక్కరికీ వందల రౌండ్ల అనుభవం. పద్దెనిమిదేళ్ళ పిల్లల్లో 57, 63 అంటే తరచుగా ఒకడికి ఎముక ముదిరింది, ఇంకొకడికి ముదరలేదు అని అర్థం. వరల్డ్ బాక్సింగ్ అనే సంస్థ కొత్త పట్టికలో మగవాళ్ళకి 55, 60, 65 కిలోలు అని ఉన్నాయి. దాని ప్రకారం చూసినా వీళ్ళిద్దరూ ఒకే గడిలో పడరు.

ఇంకోటి. మన అమెచ్యూర్ పోటీల్లో ఆట ఉన్న రోజు పొద్దున్నే తూస్తారు. ప్రొఫెషనల్స్‌లో ముందురోజు తూస్తారు, రాత్రంతా నీళ్ళు తాగి, తిని పది పదిహేను పౌండ్లు పెంచుకుని వస్తారు. ప్రపంచ టైటిళ్ళిచ్చే సంస్థల్లో ఐబీఎఫ్ వాళ్ళు మాత్రం చాలా ఏళ్ళు టైటిల్ మ్యాచ్‌లకి రెండోరోజు పొద్దున మళ్ళీ తూచి, పది పౌండ్లకి మించి పెరగకూడదు అనేవాళ్ళు. కాబట్టి టీవీలో కనబడే 147, 154 అంకెల్ని చూసి మన పిల్లలకి కొలత పెట్టకండి.

కోచ్ వద్దన్నాడంటే అది వాడి డ్యూటీ. 1975లో మనీలాలో అలీ, ఫ్రేజియర్ పధ్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారు. ఫ్రేజియర్‌కి ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పదిహేనో రౌండుకి లేస్తానంటే అతని కోచ్ ఎడీ ఫుచ్ లేవనివ్వలేదు. మిగిలింది ఒక్క రౌండే. ప్రపంచ టైటిల్, అవతల అలీ కూడా నిలబడలేని స్థితి. అయినా ఆపాడు. ఫ్రేజియర్‌ని పిరికోడన్నవాడు నాకు ఇంతవరకు కనబడలేదు.

ఒంగోలు_గిత్త

మాస్టారూ నమస్కారం. మీరు చెప్తే వినాల్సిందే. కానీ ఒక్క మాట. మా ప్రకాశంలో తిరునాళ్ళకి బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అని విభాగాలు పెడతారు. పళ్ళు చూస్తారు గానీ ఎవరూ గిత్తల్ని కాటా మీద ఎక్కించరు. ఒంటి బరువు తక్కువున్న జత పెద్ద జతని మించి లాగింది నేనే చూశా. జనం ఈలలు అప్పుడే కొడతారు.

పీఈటీ_కందుకూరు

విభాగాలు పెట్టారని నువ్వే చెప్తున్నావు గదయ్యా. పైగా బండ తిరిగి కొట్టదు.

కావలి_కౌంటర్

మాస్టారు నాకౌట్, ఒకటో రౌండ్ 🔔

చీమకుర్తి_రాయి

ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు. నేను కాలేజీ రోజుల్లో 54 కిలోల్లో ఆడేవాణ్ణి. నా ఒంటి బరువు 58 పైనే. ఎందుకు 54లో ఆడానంటే 57లో మా సీనియర్ ఉన్నాడు, టీములో చోటు లేదు.

మే నెల. రోహిణి కార్తె ఎండ. వానకోటు తొడుక్కుని, లోపల స్వెటర్, మిట్టమధ్యాహ్నం గ్రౌండ్ చుట్టూ పరుగు. మణికట్టు దగ్గర కోటు అంచు ఎత్తితే చెమట ధారగా కారేది. రాత్రికి చూయింగ్ గమ్ నములుతా ఖాళీ సోడా బుడ్డీలో ఉమ్ముకుంటా కూర్చునేవాణ్ణి, ఉమ్మి కూడా బరువే గదా అని. తెల్లారేసరికి నోట్లో ఉమ్మి ఊరడం కూడా ఆగిపోయింది. కాటా మీద తువ్వాలు అడ్డం పట్టుకుని, అన్నీ విప్పి ఎక్కితే 54కి యాభై గ్రాములు తక్కువ. అందరూ చప్పట్లు కొట్టారు. వెంటనే రెండు గ్లాసులు మజ్జిగ తాగా. గంటలో పిక్కలు పట్టేసినాయి.

రెండో రౌండులో నాకు చెయ్యి ఎత్తాలని ఉంది, చెయ్యి లేవలేదు. అవతలోడు పెద్ద ఆటగాడేం కాదు. రెఫరీ ఎనిమిది లెక్కపెట్టి "ఆడతావా" అంటే తల ఊపా. ఎందుకు ఊపానో ఇప్పటికీ చెప్పలేను. అమ్మా వాళ్ళు చూస్తున్నారని కావచ్చు. అప్పుడు మా కోచ్ ఆపి ఉంటే బాగుండేది. నాకు కుడిచెవి ఇప్పటికీ సరిగ్గా వినబడదు.

గిత్త బ్రదర్, కోపం లేదు. ఆ ఆరు కిలోలు కాగితం మీద చిన్నవే.

గూడూరు_నిమ్మ

అన్నా, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

మీరు చేసిందే పెద్దోళ్ళూ చేస్తున్నారు. 1982 నవంబరులో కిమ్ డుక్ కూ, కొరియా కుర్రాడు, బరువు తగ్గడానికి తిప్పలు పడి, లాస్ వెగాస్‌లో మన్సినీతో 135 పౌండ్ల టైటిల్‌కి ఆడాడు. పధ్నాలుగో రౌండులో పడి, కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తర్వాతే టైటిళ్ళిచ్చే ఇంకో సంస్థ డబ్ల్యూబీసీ పదిహేను రౌండ్లని పన్నెండుకి దించింది. కాటా మీద ఇద్దరిదీ ఒకే విభాగం. అంటే తూకం సరిపోయినంత మాత్రాన జోడీ సరిపోయినట్టు కాదు. ఆ బరువుకి ఎట్టా దిగాడో కూడా చూడాలి.

సింగరాయకొండ_సౌత్‌పా

నిమ్మ గారూ, కరెక్ట్. తూకం మాయకి ఇంకో ఉదాహరణ, 2024 నవంబరులో టైసన్, యూట్యూబ్ నుంచి బాక్సింగ్‌కి వచ్చిన జేక్ పాల్. 228.4కి 227.2. కాటా ప్రకారం దానంత న్యాయమైన జోడీ ఉండదు! వయసులేమో 58, 27. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది, మామూలు కంటే లావు గ్లౌజులు. అయినా టైసన్ కాళ్ళు మూడో రౌండుకే బరువెక్కాయి. నేను సగంలో టీవీ కట్టేశా.

డబ్బులు కట్టి తూకం తప్పించుకునేవాళ్ళు వేరే. 2009లో మేవెదర్, మార్కెజ్ మ్యాచ్‌కి ఒప్పందం 144 పౌండ్లు. మేవెదర్ 146తో వచ్చి, ఆరు లక్షల డాలర్ల జరిమానా ఇచ్చేశాడు. రెండు పౌండ్లకి ఆరు లక్షలు! మార్కెజ్ 135 నుంచి పైకొచ్చిన మనిషి. ఈ ఇద్దరిలో ధైర్యం ఎవరిది?

ఒంగోలు_గిత్త

మార్కెజ్‌దే. అందులో డౌటేముంది? జేక్ పాల్‌ది కూడా ఒప్పుకోవాలి మీరు. అందరూ వాడిని జోకర్ అన్నారు. 2025 డిసెంబరులో ఆంథోనీ జాషువా ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఒలింపిక్ గోల్డ్, రెండుసార్లు హెవీవెయిట్ చాంపియన్. ఆరో రౌండులో దవడ విరిగింది. అయినా దిగాడు గదా.

కావలి_కౌంటర్

అన్నా, అంత డబ్బిస్తే నేను కూడా జాషువా ముందు నిలబడతా. ఒక రౌండు. లేదా సగం. నిలబడటం వరకే, ఆడతానని చెప్పలేదు.

సింగరాయకొండ_సౌత్‌పా

పాల్ ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ వాడు లెక్క చూసుకుని, ఆస్పత్రి ఖర్చు చూసుకుని, ముందే సంతకం పెట్టాడు. జాషువా 245 పౌండ్లు దాటకూడదని షరతు కూడా పెట్టుకున్నాడు. నెల్లూరు పిల్లోడికి సంతకం పెట్టే కాగితం కూడా చూపించలేదు. దెబ్బ తగిలితే వాళ్ళ నాన్న ఆటో అమ్ముకోవాలి.

140 పౌండ్ల చాంపియన్ డెవిన్ హేనీ సంగతి కూడా అంతే. 2024 ఏప్రిల్‌లో ర్యాన్ గార్సియా 140కి బదులు 143.2 తూగాడు. హేనీ వద్దనొచ్చు, టైటిల్ తన దగ్గరే ఉండేది. ఒప్పుకున్నాడు, మూడుసార్లు కింద పడ్డాడు. తర్వాత గార్సియాకి డోపింగ్ పాజిటివ్ వచ్చి మ్యాచ్ ఫలితమే రద్దు చేశారు. కాగితం మీద ఓటమి పోయింది. పడిన మూడుసార్లు పోతాయా?

మోడరేటర్

సభ్యులకు మనవి. పిల్లోడి పేరు, కాలేజీ పేరు, నిర్వాహకుల ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాం. చర్చ కొనసాగించండి.

పీఈటీ_కందుకూరు

పెన్నా, నాకొక అనుమానం. ఆ 63 కిలోల అబ్బాయిని ఎవరైనా అడిగారా, నీకు ఆడటం ఇష్టమేనా అని?

పెన్నా_పంచ్

భలే పాయింటు పట్టారు మాస్టారూ. వాడు నాకు దూరపు చుట్టమే, నిన్న ఫోన్ చేసి కనుక్కున్నా. ఎవరూ అడగలేదంట. వాడికీ ఇష్టం లేదు. "గెలిస్తే బక్కోడిని కొట్టావంటారు, ఓడితే ఊళ్ళో తలెత్తుకోలేను, నాకేం లాభం" అన్నాడు. కోచ్ వద్దన్నప్పుడు అందరికంటే ముందు ఊపిరి పీల్చుకుంది నేనే అన్నాడు.

ఒంగోలు_గిత్త

అరె. అయితే వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదా?

పెన్నా_పంచ్

ఎవరూ ఏమనలేదు. బరువెక్కువ ఉన్నాడు గదా.

ఒంగోలు_గిత్త

సరే, పిల్లోడి తప్పు లేదంటే ఒప్పుకుంటా. కానీ పాకియావ్, మార్గరీటో మ్యాచ్ విషయంలో మాత్రం తగ్గను, సౌత్‌పా. దాని మీద వేరే థ్రెడ్ పెడతా, పన్నెండు రౌండ్లూ లెక్కేద్దాం, రా.

సింగరాయకొండ_సౌత్‌పా

పెట్టన్నా. ఆదివారం రాత్రి పెట్టు, సోమవారం నాకు సెలవు.

కావలి_కౌంటర్

మీ ఇద్దరి బరువులు ముందు చెప్పండి. తూకం కుదిరితేనే మ్యాచ్.